రెండు సెకన్ల రంగు

రైల్వే స్టేషన్ మూడో నంబర్ ప్లాట్‌ఫాం మీద మఫ్టీలో ఉన్న పోలీసులు భుజం మీద చెయ్యి వెయ్యగానే ఆ మనిషి నవ్వాడు. నవ్వుతూనే పన్ను కింద దాచుకున్న విషపు గుళిక కొరికాడు. బండి దిగిన జనం ఎవరో కళ్ళు తిరిగి పడిపోయాడనుకుని పక్కనుంచి వెళ్ళిపోయారు.

అతని జేబులో రెండే వస్తువులు దొరికాయి. ఒకటి, రంగుల కంపెనీలు షాపుల్లో ఊరికే పంచే షేడ్ కార్డు. అందులో పది రంగుల పక్కన పెన్సిల్‌తో ఏవో పరాయి మాటలు రాసి ఉన్నాయి. రెండోది చిన్న చీటీ. ‘శుక్రవారం, సాయంత్రం నాలుగు, పెయింట్ ఫ్యాక్టరీ షేడ్ రూమ్.’

మర్నాడు ఉదయానికి ఆ రెండూ చీఫ్ బల్ల మీద ఉన్నాయి. బల్లకి ఇవతల నిలబడ్డవాడు ఏజెంట్ అద్దకం.

డిపార్ట్‌మెంట్‌లో అందరికీ కోడ్‌నేములుంటాయి. గద్ద, తూటా, మెరుపు, ఇలా వింటేనే శత్రువుకి ముచ్చెమటలు పట్టే పేర్లు. ఇతనికి మాత్రం చేరిన రోజే ‘అద్దకం’ అని తగిలించారు. తండ్రి బట్టలకి రంగులద్దేవాడని ఫారంలో నిజం రాయడమే అతను చేసిన పాపం. పదహారేళ్ళయినా ఆ పేరు వెలిసిపోలేదు.

"కూర్చో," అన్నాడు చీఫ్. ఆయన కూర్చోమన్నాడంటే సంగతి బాగాలేదని లెక్క. "ఈ విదేశీ ముఠాలో ఒకడి ముఖం ఇంకొకడికి తెలీదు. పేర్లుండవు, అడ్రసులుండవు. అమ్మేవాడు ఏదో ఒక రంగు చూపించి, అదేం రంగని డేనిష్ భాషలో అడుగుతాడు. కొనేవాడు డేనిష్‌లోనే జవాబు చెప్పాలి. డబ్బు ముందే ముట్టిపోతుంది, జవాబు సరిపోతే సరుకు. సరిపోకపోతే తూటా."

"వాళ్ళది డెన్మార్కా సార్?"

"ఒక్కడిదీ కాదు. ఇక్కడ ఆ భాష వచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకే ఎంచుకున్నారు."

"సరుకేంటి?"

చీఫ్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. దానికి ఏ మరకా లేదు. "విదేశాల్లో మారుపేర్లతో ఉన్న మన ఏజెంట్ల లిస్టు. మైక్రోఫిల్మ్. మొత్తం పదకొండు పేర్లు. ఏడో పేరు మీ బావది."

అద్దకం కుర్చీని బల్ల దగ్గరికి లాక్కున్నాడు. బావని ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది తనే. నాలుగేళ్ళ కిందట పని పోయి ఇంట్లో కూర్చున్నవాణ్ణి, "తిరుగుడు ఉద్యోగం, అంతే బావా," అని నమ్మబలికి ఇదే బల్ల ముందు నిలబెట్టాడు. అక్కకి తెలిసినంతవరకూ ఆమె మొగుడు పరాయి దేశంలో నీటి పంపులు అమ్ముతున్నాడు. ఆ లిస్టు చేతులు మారితే, అదే రోజు సాయంత్రానికి అక్క పసుపు కుంకుమలు పోతాయి. ఆ పాపం ముఠాది ఎంతో, తనదీ అంతే.

"అమ్మేవాణ్ణి ముందే పట్టుకుంటే?"

"ఎవడని పట్టుకుంటాం? ఆ ఫ్యాక్టరీలో మూడొందల మంది. ఒకవేళ దొరికినా వీడిలాగే గుళిక కొరుకుతాడు. ఫిల్మ్ ఎక్కడుందో వాడితోనే పోతుంది. తర్వాత ముఠావాడెవడో వచ్చి తీరిగ్గా తీసుకుంటాడు. కాబట్టి వాడి చేత్తో వాడే తీసివ్వాలి. చచ్చినవాడి బదులు నువ్వెళ్తున్నావ్. ఇవాళ శనివారం. ఆరు రోజులుంది."

"ఆరు రోజుల్లో భాష నేర్చుకోవాలా సార్?"

"భాష ఎవడు నేర్చుకోమన్నాడయ్యా? పది రంగులు చాలు. టీచర్ని వెతికిపెట్టాం."

టీచర్ గదిలోకి వచ్చినప్పుడు తలుపు దగ్గర గార్డు సెల్యూట్ చెయ్యబోయి టోపీ కింద పడేసుకున్నాడు. అంత అందగత్తె. మెడలో ఒంటి వరస ముత్యాలు, చెయ్యెత్తు మనిషి, నవ్వితే ఎదుటివాడు తాను చెప్పబోయింది మరిచిపోతాడు. డెన్మార్క్‌లో ఒక పెయింట్ కంపెనీ ల్యాబ్‌లో ఎనిమిదేళ్ళు పనిచేసి వచ్చిందట. ఆమె ఫైలు కడిగిన అద్దంలా ఉంది. అంత శుభ్రమైన ఫైలు చూస్తే అనుమానించమని డిపార్ట్‌మెంటే ట్రైనింగ్‌లో నేర్పుతుంది. తొందరలో ఉన్నప్పుడు ఆ పాఠం డిపార్ట్‌మెంటుకే గుర్తుండదు.

పాఠాలు ఒక సేఫ్ హౌస్ మేడ మీద జరిగాయి. కిటికీలన్నిటికీ మందపాటి కర్టెన్లు, నెత్తిన రెండు ట్యూబ్‌లైట్లు, బల్ల మీద రంగు ముక్కలు, స్టాప్‌వాచీ.

"విల్కెన్ ఫార్వ ఎర్ దే? ఇదేం రంగు అని అడగడం," అందామె. "ఎరుపు, రొద్. చివరి అక్షరం పలికీ పలకనట్టు వదిలెయ్యాలి, నోట్లో వేడి అన్నం ముద్ద ఉన్నట్టు. నీలం, బ్లో. ఆకుపచ్చ, గ్రొన్. పసుపు, గూల్. చెప్పండి."

అతను చెప్పాడు. ఆమె ముఖం చిట్లించింది. మళ్ళీ చెప్పాడు. నలుపు సోర్ట్, తెలుపు వీద్, బూడిద రంగు గ్రో, గోధుమ రంగు బ్రూన్, ఊదా రంగు లిల్లా. లేత రంగుకి ముందు లూసె తగిలించాలి, ముదురు రంగుకి మోర్కె. లూసెబ్లో లేత నీలం, మోర్కెబ్లో ముదురు నీలం. గులాబీ రంగు లూసెరొద్, అంటే లేత ఎరుపు.

"ఇది బాగుందండీ. మన లెక్కే," అన్నాడతను సంబరంగా.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. ఆమె పసుపు ముక్క చూపిస్తే "గ్రొన్" అన్నాడు. ఆకుపచ్చ చూపిస్తే "గూల్" అన్నాడు.

"రెండూ వేరు!"

"మా ఇంట్లో రెండూ పచ్చేనండీ. అరటాకూ పచ్చే, అరటిపండూ పచ్చే. పచ్చగా బతకమని దీవించేవాళ్ళు కూడా ఏ పచ్చో చెప్పరు కదా."

"శుక్రవారం అలా అనండి, బతకడం గురించి ఎవరూ దీవించాల్సిన పనుండదు." ఆమె స్టాప్‌వాచీ నొక్కింది. "ఇంకోటి గుర్తుపెట్టుకోండి. చూసిన రెండు సెకన్లలో జవాబు రావాలి. భాష నిజంగా వచ్చినవాడు రంగు గురించి ఆలోచించడు. ఆలోచించారా, దొరికిపోతారు."

మొదటిరోజు ఒక చిన్న సంగతి జరిగింది. ఆమె ఏదో మసక రంగు ముక్క చేతికివ్వగానే అతని కాళ్ళు వాటంతట అవే కిటికీ వైపు నడిచాయి. కర్టెన్ మీద చెయ్యి పడేసరికి ఆమె చురుగ్గా, "ఎక్కడికి? కూర్చునే చెప్పండి. రెండు సెకన్లు," అంది. హెడ్మాస్టరు చేతికి చిక్కిన పిల్లాడిలా వచ్చి కూర్చున్నాడు.

అది తండ్రి దగ్గర అబ్బిన అలవాటు. గుడ్డ ఏ రంగుకి తిరిగిందో ఆయన తొట్టి దగ్గర ఎప్పుడూ చెప్పేవాడు కాదు. ఎంత తొందరపెట్టినా సరే, తడిగుడ్డ కొస పట్టుకుని బయటికి నడిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పి అప్పుడు నోరు విప్పేవాడు. "గదిలో చూసిన రంగూ, చాటున విన్న మాటా ఒకటేరా. బయటికి తెచ్చి చూడాలి," అనేవాడు. ఆయన గోళ్ళు జన్మలో తెల్లగా లేవు. బడి దగ్గరికి వస్తే, ఆ చేతులు స్నేహితులకి కనపడతాయని కొడుకు ఆయనకి దూరంగా నడిచేవాడు. ఆ సంగతి గుర్తొస్తే అద్దకానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అప్పట్లో వేసిన సిగ్గు కాదు, వేరే సిగ్గు.

బుధవారం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ ఆదివారం ఫోన్ చెయ్యలేదు. నీకేమైనా చేశాడా?"

"లేదక్కా. పనిలో ఉండుంటాడు."

"పంపులమ్ముకునేవాడికి అంత తీరిక లేని పనేంట్రా? దేశమంతా దాహంతో చచ్చిపోతోందా?" నవ్వబోయి ఆగిపోయింది. "నాకు రెండు రోజుల్నుంచి మనసు మనసులో లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలీక నీకు చేశాను."

"ఏం కాదక్కా," అన్నాడు. ఆ రెండు మాటలు చెప్పడం డేనిష్ కన్నా కష్టమైంది. ఆ రాత్రి నిద్రపట్టక లోపల్లోపల రంగులు వల్లించుకున్నాడు. రొద్, బ్లో, గ్రొన్, గూల్. ఏడో పేరు. రొద్, బ్లో.

గురువారం ఆఖరి ప్లానింగ్. టెక్నికల్ విభాగం వాళ్ళు చొక్కా గుండీలో మైకు బిగించారు. ఫ్యాక్టరీ ఎదుట సందులో కూరగాయల వ్యాన్. అందులో చీఫ్, ఆరుగురు కమాండోలు, లోపలి డేనిష్ విని అర్థం చెప్పడానికి టీచర్.

"డేంజర్ సిగ్నల్ ఏంటి?" అని అడిగాడు చీఫ్.

"షేడ్ రూమ్ కిటికీ వ్యాన్‌కి ఎదురుగానే ఉంది. దానికి ఎప్పుడూ నల్ల కర్టెన్ వేసి ఉంటుంది," అంది టీచర్. "ప్రాణం మీదికొస్తే కర్టెన్ లాగితే సరి. మనవాళ్ళు రెండు నిమిషాల్లో పైకొస్తారు. కానీ ఒకటి. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే వాడు గుళిక కొరుకుతాడు. కాబట్టి మామూలుగా ఆ కర్టెన్ జోలికి పోకండి."

అందరూ తలూపారు. అంత తెలివైన మాటకి తలూపకుండా ఎవరుంటారు?

శుక్రవారం నాలుగింటికి అద్దకం పెట్టుడు మీసం, దళసరి కళ్ళద్దాలు, పెయింటింగ్ కాంట్రాక్టర్ వేషంతో రెండో అంతస్తు ఎక్కాడు. షేడ్ రూమ్‌లో థిన్నర్ వాసన గుప్పుమంది. గోడ పొడుగునా అరల్లో అరచేతిలో పట్టే శాంపిల్ డబ్బాలు, మూతల మీద నంబర్లు. పైన నాలుగు ట్యూబ్‌లైట్లు. ఎడమవైపు కిటికీ, నల్ల కర్టెన్.

లోపల ఒక్కడే ఉన్నాడు. అరవై దాటిన షేడ్ మాస్టారు, ఏప్రన్ కట్టుకుని ఏదో డబ్బా కలుపుతున్నాడు. తలుపు గడియ పెట్టమని కళ్ళతో చెప్పాడు. సొరుగు లాగి తెరిచే ఉంచాడు. అందులో పాత గుడ్డ మీద సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. దాన్ని దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

ఇంకో చేత్తో ఒక రంగు ముక్క బల్ల మీదుగా ముందుకి తోశాడు.

"విల్కెన్ ఫార్వ ఎర్ దే?"

బూడిద రంగు. అనుమానమే లేదు. గ్రో. మాట నాలుక చివరికి వచ్చేసింది. టీచర్ స్టాప్‌వాచీ చెవిలో టిక్కుమంది. ఒక సెకను.

అప్పుడు అతని చూపు మాస్టారి గోళ్ళ మీద పడింది. పది గోళ్ళ మొదళ్ళలోనూ పట్టుకున్న రంగు, ఏ సబ్బుకీ పోని రంగు. అవే గోళ్ళు. నాన్నవి.

ఇలాంటి గోళ్ళున్న మనిషి ట్యూబ్‌లైట్ కింద రంగు చెప్పమని అడుగుతాడా? అడిగితే అది పరీక్ష. అక్కడే నిలబడి టక్కున చెప్పినవాడు ఈ పని తెలియనివాడు. మరి ఎనిమిదేళ్ళు పెయింట్ ల్యాబ్‌లో చేసిన మనిషికి ఈ సంగతి తెలియకుండా ఎలా ఉంటుంది? రెండు సెకన్లలో చెప్పమన్నది ఎవరు? కిటికీ వైపు పోతుంటే వెనక్కి పిలిచింది ఎవరు? కర్టెన్ ముట్టుకోవద్దన్నది ఎవరు? మూడింటికీ జవాబు ఒక్కటే, ముత్యాల దండతో సహా.

రెండు సెకన్లు దాటిపోయాయి. మాస్టారి చెయ్యి సొరుగు వైపు జరిగింది.

కర్టెన్ తీస్తే కమాండోలు బయల్దేరతారు. తియ్యకపోతే తన బతుకు ఈ గదిలోనే తెల్లారుతుంది. అద్దకం రంగు ముక్క తీసుకుని తిన్నగా కిటికీ దగ్గరికి నడిచాడు. వీపు మధ్యలో తూటా తగిలే చోటు చల్లగా తెలుస్తోంది. కర్టెన్ సర్రున లాగి, ముక్కని పగటి వెలుగులో అటూ ఇటూ తిప్పాడు. ఏటవాలుగా పట్టాడు. బూడిద రంగు కరిగిపోయి, దాని వెనకనుంచి వంకాయ పువ్వు రంగు బయటపడింది.

"లిల్లా," అన్నాడు.

మాస్టారు సొరుగులోంచి చెయ్యి వెనక్కి తీశాడు. "యా," అని, హాయిగా మన మాటల్లోకి వచ్చేశాడు. "అక్కడే నిలబడి గ్రో అంటారేమో అనుకున్నా. రంగు తెలిసినవాడు ట్యూబ్‌లైట్‌ని నమ్మడు. ఎవరు నేర్పారు మీకు?"

"మా నాన్న," అన్నాడు అద్దకం. ఆ గదిలోకి వచ్చాక అతను చెప్పిన మొదటి నిజం అదే.

మాస్టారు నిచ్చెన జరుపుకున్నాడు. ముసలి చేతులకి తొందరంటే తెలీదు. కళ్ళజోడు సవరించుకుని మూతల మీది నంబర్లు ఒక్కొక్కటీ చదువుతున్నాడు. కర్టెన్ లాగి నలభై సెకన్లు. అద్దకానికి అతన్ని ఎత్తుకుని అర దగ్గర నిలబెట్టాలనిపించింది. అరవై సెకన్లు. చివరికో డబ్బా దింపి, చాకు మొనతో మూత లేపి, చిక్కటి రంగులో వేళ్ళు ముంచి మైనపు కాగితం పొట్లం బయటికి తీశాడు. ఎనభై.

గడియ పెట్టిన తలుపు ఒక్క తూటాతో తెరుచుకుంది.

గుమ్మంలో టీచర్ నిలబడి ఉంది. చేతిలో బుల్లి పిస్టల్, ముఖాన చెక్కుచెదరని నవ్వు. కర్టెన్ కదలగానే వ్యాన్‌లో ఊపిరాడట్లేదని చెప్పి దిగి, కమాండోలు తుపాకులు సర్దుకునేలోగా వెనక మెట్ల మీదుగా పరిగెత్తుకొచ్చింది.

"అతనికివ్వకండి," అంది మాస్టారితో. "పోలీసు మనిషి. స్టేషన్‌లో చచ్చినవాడు నా పార్టనర్. వాడికి ఆ పది రంగులూ నేర్పింది నేనే. ఇతనికి నేర్పిందీ నేనే, తప్పుగా."

"తప్పు చెప్పి చస్తే, తర్వాత మీరొచ్చి తీసుకుందామని," అన్నాడు అద్దకం.

"రెండు సెకన్లన్నాను కదండీ. మాట వినుంటే ఇప్పటికి అయిపోయేది, మీకూ సుఖంగా ఉండేది."

మాస్టారు ఎడంచేత్తో పొట్లం గుండెకి అదుముకుని, కుడిచేత్తో సొరుగులోని పిస్టల్ తీశాడు. ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఒకరు అబద్ధం. నాకు మనుషుల్ని చూడ్డం రాదు, రంగులే వచ్చు," అని బల్ల మీది ఇంకో ముక్కని ఆమె వైపు తోశాడు. "విల్కెన్ ఫార్వ ఎర్ దే?"

ఆమె అద్దకాన్ని చూసి కన్నుగీటింది. ముక్క అందుకుంది. ఆమెకి ఈ పరీక్ష తెలుసు కాబట్టి, చెయ్యాల్సిందే చేసింది. కిటికీ దగ్గరికి నడిచి, ముక్కని వెలుగులోకి ఎత్తి పట్టింది. రంగు చూసేటప్పుడు కళ్ళు రంగు మీదే ఉండాలి. ఆమె కళ్ళు దాని మీదే ఉన్నాయి. నలభై ఏళ్ళ అలవాటు కొద్దీ మాస్టారి కళ్ళు కూడా దాని మీదికే పోయాయి.

"మోర్కె..." అంది టీచర్.

అద్దకానికి కావలసింది రెండు సెకన్లే. మొదటి సెకనులో మూత తీసిన డబ్బా ఆమె ముఖం మీద బోర్లా పడింది. పేలిన తూటా ట్యూబ్‌లైట్‌ని బద్దలుకొట్టింది. రెండో సెకనులో అతని మోచెయ్యి మాస్టారి మణికట్టుని విరిచేంత పని చేసింది. పిస్టల్ ఒకవైపు, పొట్లం ఒకవైపు ఎగిరిపోయాయి. మెట్ల మీద బూట్లు దడదడలాడాయి. మాస్టారి దవడ బిగుసుకోబోయింది. అద్దకం సొరుగులోని పాత గుడ్డని ఉండచుట్టి అతని పళ్ళ మధ్య కుక్కేశాడు. ఒక చేత్తో ఆ దవడని పట్టుకునే, ఇంకో చేత్తో నేలమీద తడిమి పొట్లం అందుకున్నాడు.

కమాండోల వెనకే ఆయాసపడుతూ చీఫ్ వచ్చాడు. పొట్లం విప్పి ఫిల్మ్ కొసని వెలుగుకి ఎదురుగా పట్టి చూసి, మళ్ళీ మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు. అప్పటిదాకా నిలబడ్డ అద్దకం గోడకి జారగిలబడి కూర్చుండిపోయాడు. అతని గోళ్ళనిండా రంగు పట్టి ఉంది. చాలాసేపు వాటినే చూసుకున్నాడు.

తల నుంచి ముత్యాల దాకా రంగు కారుతున్న టీచర్‌కి బేడీలు వేస్తుంటే, చీఫ్ ఆమెని ఎగాదిగా చూశాడు. "ఇంతకీ అదేం రంగయ్యా?"

"బయటికి తీసుకెళ్ళి చూస్తే గానీ చెప్పలేను సార్."

శనివారం అక్క ఫోన్ చేసింది. ఒకసారి సంతకెక్కిన పేరుని మళ్ళీ నమ్మకూడదని, పదకొండు మందినీ వెనక్కి పిలిపించేశారు. ఆ సంగతి ఆమెకి ఇంకో రూపంలో చేరింది.

"మీ బావ సోమవారం వచ్చేస్తున్నాడ్రా. పంపుల కంపెనీ మూసేశారట. ఉద్యోగం పోయిందని ఏడవాలో, మనిషి వస్తున్నాడని నవ్వాలో తెలీట్లేదు."

"నవ్వక్కా."

"నీకు ముందే తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

"నీ గొంతు అలా లేదు. నాలుగేళ్ళ నుంచి నువ్వూ మీ బావా కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. ఫోన్లో వద్దు. రేపు మిట్టమధ్యాహ్నం ఇంటికి రా. వాకిట్లో ఎండలో కూర్చోబెట్టి నీ ముఖం చూసి చెప్తా, నిజమో అబద్ధమో. నేనూ నాన్న కూతుర్నే."

"వస్తానక్కా," అన్నాడు.

మర్నాడు అద్దకం పొద్దున్నే తలంటుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, వాచీ చూసుకుంటూ కుర్చీలో కూర్చున్నాడు. వీధి దీపాలు వెలిగాక బయల్దేరాడు.